పురుగుమందు తాగి బతికిన మనిషి వార్డుకు వచ్చాక: నర్సు ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

స్టమక్ వాష్ అయింది. విషానికి విరుగుడుగా అట్రోపిన్ నడుస్తోంది. మనిషిని ఏఎంసీ (అత్యవసర వైద్య విభాగం) నుంచి జనరల్ వార్డుకు మార్చారు. ఇక్కడి నుంచి మేం ఏం చేయాలి, ఏం మాట్లాడాలి, చావు మాట ఎత్తితే మళ్ళీ గుర్తు చేసినట్టు అవదా అని స్టాఫ్ నర్సులు, నర్సింగ్ విద్యార్థులు పదే పదే అడుగుతుంటారు.

అవదు. "చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా" అని అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అడగకపోతేనే ఇబ్బంది, ఉన్న ఆలోచన మీకు తెలియకుండా మీ వార్డులోనే తిరుగుతుంటుంది. మంచం చుట్టూ చేరినవాళ్ళంతా "ఎందుకు తాగావ్?" అనే అడుగుతారు. "ఇప్పుడు మనసెలా ఉంది?" అని అడిగేవాళ్ళు దాదాపు ఉండరు. ఆ పని మీది.

మందుల మోతాదులు డాక్టరు రాస్తారు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. మంచం, మాట, కాపలా, కాగితం, కార్డు, ఫోను అనే నర్సు చేతిలోని పనుల గురించే ఇదంతా.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు, ప్లాస్టిక్ ఆప్రాన్, మాస్కు. పల్చటి లేటెక్స్ గ్లవ్స్ పురుగుమందును సరిగా ఆపవు.
- మందపాటి ప్లాస్టిక్ కవర్లు రెండు, లేబుళ్ళు, మార్కర్ పెన్ను
- టార్చి, థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు, బీపీ మిషను, స్టెతస్కోపు
- సక్షన్ మిషను. ఉంటే చాలదు, పేషెంటు రాకముందే ఆన్ చేసి లాగుతోందో లేదో చూడండి.
- మంచం చుట్టూ లాగే తెర
- పలక గానీ, అట్టకు బిగించిన తెల్ల కాగితాలు గానీ. గొంతులో ట్యూబు ఉన్నవాళ్ళకు ఇదే నోరు.
- 15 నిమిషాల గళ్ళు గీసిన పరిశీలన చార్టు
- గోడకు అంటించిన నంబర్లు: టెలీ మానస్ 14416, మహిళా హెల్ప్‌లైన్ 181, చైల్డ్‌లైన్ 1098, ఎల్డర్‌లైన్ 14567, ఆరోగ్య సేవలకు 104, అత్యవసరానికి 112

టెలీ మానస్ (14416) కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఉంటే ముందు ఆయనకే రిఫరెన్స్ వెళ్ళాలి. ఆ రాత్రి ఎవరూ దొరకకపోతే ఈ నంబరు ఆసరా.

1. పేషెంటు కంటే ముందు మంచాన్ని చూడండి

నర్సింగ్ స్టేషన్ నుంచి తలెత్తితే కనిపించే మంచం ఇవ్వండి. కిటికీ పక్కన, వార్డు చివర, బాత్రూమ్ వైపు మూలన వద్దు. ఖాళీ లేకపోతే నిలకడగా ఉన్న పేషెంటును అడిగి మంచాలు మార్చండి. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్) కేసులను నేలమీద చాపకు పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నేలమీద పడుకున్న మనిషి స్టేషన్ నుంచి కనిపించడు. పైగా తనకు ఇక్కడ విలువ ఎంతో మొదటి గంటలోనే అర్థమైపోతుంది.

లాకరు సొరుగు తెరవండి. పాత పేషెంటు వదిలేసిన బ్లేడు, మాత్రల షీటు, పండ్లు కోసే చాకు అందులోనే దొరుకుతాయి. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళండి. అందరూ మరిచిపోయేది ఇదే: ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ డబ్బాలు అక్కడే మూలన ఉంటాయి. వాటిని తాళం వేసే గదిలో పెట్టమని శానిటేషన్ వాళ్ళకు చెప్పండి, సాయంత్రం షిఫ్ట్ వాళ్ళకు మళ్ళీ చెప్పండి. రౌండ్స్ అప్పుడు మందుల ట్రాలీని ఆ మంచం పక్కన వదిలి ఇంకో మంచానికి వెళ్ళకండి.

బాత్రూమ్‌కు లోపలి గడియ మాత్రమే ఉంటే, అటెండెంటు బయట నిలబడాలి, తలుపు ఓరగా ఉండాలి, ఒకటి రెండు నిమిషాలకోసారి పలకరించాలి. ఇది పేషెంటుకు ముందే చెప్పి చేయండి. చెప్పకుండా చేస్తే అవమానంగా అనిపిస్తుంది.

చున్నీలు, బెల్టులు, తాళ్ళు అందరి దగ్గరా గుంజుకోవడం మంచి పద్ధతి కాదు. 5వ అంచెలో మీరు అడిగే ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి తీయండి.

2. ఒళ్ళు, బట్టలు, పేరు

క్యాజువాల్టీలో పొట్ట కడుగుతారు గానీ తల చాలాసార్లు కడగరు. జుట్టు, చెవుల వెనక, గోళ్ళ కింద, చంకలు, తొడల సందులు చూడండి. మందు వాసన ఇంకా వస్తుంటే సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో మళ్ళీ కడగాలి. ఒంటికి అంటిన మందు చర్మంలోంచి ఇంకుతూనే ఉంటుంది. "అట్రోపిన్ ఎంత పెట్టినా మళ్ళీ చొంగ కారుతోంది" అనిపించినప్పుడు ముందు తల వాసన చూడండి.

విప్పిన బట్టలు రెండు కవర్లలో, ఒకదానిలో ఒకటి పెట్టి మూతి కట్టి, పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, తేదీ, సమయం రాయండి. అవి పోలీసులకు ఇవ్వాలా వద్దా అన్నది డ్యూటీ డాక్టరు చెబుతారు. ఇస్తే సంతకం తీసుకోండి. ఇంటివాళ్ళు వాటిని తీసుకెళ్ళి పిల్లల బట్టలతో కలిపి ఉతుకుతారు, ఆపండి. తోలు బెల్టు, తోలు చెప్పులు మందును పీల్చుకుంటాయి, కడిగినా పోదు.

ఇదంతా తెర వేసి, ఆడవాళ్ళకైతే ఆడవాళ్ళ చేతే చేయించండి. వెంటనే గౌను తొడగండి. దుప్పటి కింద బట్టల్లేకుండా గంటల తరబడి పడుకోబెట్టడం మామూలైపోయింది. ఆ మనిషి తర్వాత మీ మాట వినకపోవడానికి అదో కారణం.

పేరు మీరు చెప్పి అవునా కాదా అని అడగకండి. "మీరు లక్ష్మే కదా?" అంటే మత్తులో ఉన్నవాళ్ళు దేనికైనా తల ఊపుతారు. "మీ పేరేంటమ్మా?" అని వాళ్ళ నోటితో చెప్పించి, ఐపీ నంబరు చేతి పట్టీతో సరిచూసుకోండి. ప్రతి ఇంజక్షన్‌కూ ఇంతే.

3. మొదటి 5 నిమిషాలు

స్టూలు లాక్కుని కూర్చోండి. నిలబడి మాట్లాడితే విచారణలా ఉంటుంది. పేరు చెప్పండి, ఎంతవరకు డ్యూటీలో ఉంటారో చెప్పండి. వయసును బట్టి అన్నా, అక్కా, పెద్దమ్మా, బాబూ అని పిలవండి. "పాయిజన్ కేసు", "ఆ 14వ బెడ్" అనే మాటలు తెర అవతల నుంచి కూడా వినిపిస్తాయి.

ఇలా మొదలుపెట్టవచ్చు:

"అన్నా, నేను మీ సిస్టర్ని. రాత్రి 8 దాకా ఇక్కడే ఉంటాను. నోరు ఎండిపోవడం, కళ్ళు మసకబారడం మేం ఇస్తున్న ఇంజక్షన్ వల్ల, తగ్గుతుంది. చాలా కష్టం మీదికి వచ్చి ఉంటుంది. మీరు చెప్పాలనుకున్నప్పుడు వింటాను, ఇప్పుడే చెప్పనక్కర్లేదు."

అక్కడితో ఆగండి. మౌనం వచ్చినా నింపకండి. మంచినీళ్ళు ఇవ్వవచ్చని కేస్ షీట్లో ఉంటే పెదాలు తడపండి.

ఈ మాటలు మాత్రం వద్దు:

"పిల్లల మొహం గుర్తు రాలేదా?" గుర్తొచ్చే ఉంటుంది. ఆ మాట సిగ్గును రెట్టింపు చేస్తుంది.

"నీకేం కష్టం, బంగారం లాంటి మొగుడు." మీకు తెలియదు.

"ఇంకోసారి చేస్తే ఇంకా పెద్ద ట్యూబు వేస్తాం." చికిత్సను శిక్షగా చూపిస్తే, రెండోసారి ఆ మనిషి ఆసుపత్రికే రాడు.

"ఏం కాదు, రేపు ఇంటికి పోతావు." గడ్డిమందు తాగినవాళ్ళతో ఇది అసలే అనకండి. పారాక్వాట్ అనే గడ్డిమందు తాగినవాళ్ళు మొదటి రోజు లేచి కూర్చుని మాట్లాడతారు, కిడ్నీలూ ఊపిరితిత్తులూ తర్వాతి రోజుల్లో దెబ్బతింటాయి. బతుకుతానా అని అడిగితే "డాక్టర్లు రోజూ రక్తపరీక్షలు చూస్తున్నారు, ఏది తెలిసినా మీకు చెప్పమంటాను, మీ పక్కనే ఉంటాం" అనండి. డాక్టరు కుటుంబంతో ఏం చెప్పారో కనుక్కున్నాకే ఆ పై మాట. అన్నట్టు, పారాక్వాట్ కేసులో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కాస్త తగ్గిందని మీ అంతట మీరు ఆక్సిజన్ పెట్టకండి. ఆక్సిజన్ ఆ ఊపిరితిత్తులకు హాని పెంచుతుంది. ఎంత తగ్గితే పెట్టాలో డాక్టరు చేత ముందే రాయించుకోండి.

హెయిర్ డై తాగినవాళ్ళకు మెడ, నాలుక వాచి గొంతుకు ట్యూబు వేస్తారు. వాళ్ళు మాట్లాడలేరు గానీ అన్నీ వింటారు. పలక ఇవ్వండి. రాయడం రాకపోతే కనురెప్పల ఒప్పందం చేసుకోండి: ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. నొప్పి, దాహం, భయం, మూత్రం, ఇంటివాళ్ళు అనే అయిదింటికి బొమ్మలు గీసి అట్టకు అంటించినా సరిపోతుంది.

4. "నాటకాలు ఆడుతున్నాడు" అనే ముందు

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. రెండో రోజు రాత్రి పేషెంటు గాల్లో ఏదో పట్టుకుంటున్నాడు, కాన్యులా పీకేస్తున్నాడు, మంచం దిగుతున్నాడు. వార్డంతా అది పిచ్చి అనో, పొగరు అనో తేల్చేస్తుంది, చేతులు కట్టేస్తారు. ముందు ఒళ్ళు ముట్టుకుని చూడండి.

ఒళ్ళు వేడిగా, పొడిగా ఉందా? చంకలో చెమట లేదా? పొట్టమీద స్టెతస్కోపు పెడితే పేగుల శబ్దం లేదా? పొత్తికడుపు ఉబ్బి మూత్రం ఆగిందా? నాడి బాగా వేగంగా ఉందా? అట్రోపిన్ ఎక్కువైన లక్షణాలివి. డాక్టరును పిలిచి ఈ అయిదూ వరసగా చెప్పండి. "పేషెంట్ ఇరిటబుల్‌గా ఉన్నాడు" అని ఒక్క ముక్క చెబితే, ఫోన్లోనే మత్తు ఇంజక్షన్ ఆర్డరు వస్తుంది.

ఒళ్ళు తడిగా, చేతులు వణుకుతూ, రెండు మూడు రోజుల నుంచి సారా చుక్క లేని మనిషైతే, అది తాగుడు ఆగిపోవడం వల్ల కావచ్చు. రోజుకు ఎంత తాగేవాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో ఇంటివాళ్ళను అడిగి రాయండి. అడ్మిషన్ రోజే అడిగి ఉంటే ఇంకా మంచిది.

కట్టక తప్పకపోతే డాక్టరు రాతపూర్వక ఆర్డరుతో, మెత్తటి గుడ్డతో, రెండు వేళ్ళు దూరేంత వదులుగా కట్టండి. 15 నిమిషాలకోసారి వేళ్ళ రంగు, వెచ్చదనం చూడండి. 2 గంటలకోసారి విప్పి చేతులు కదిలించండి. ఎందుకు కట్టారో, ఎప్పుడు విప్పారో రాయండి. సెలైన్ గొట్టంతో కట్టడం, వెల్లకిలా కట్టేసి వదిలేయడం ప్రమాదం: వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అట్రోపిన్ వల్ల కంటిపాపలు విప్పారి చూపు మసకగా ఉంటుంది. బాత్రూమ్‌కు వెళుతూ పడిపోతారు. రెయిలింగ్ ఎత్తి ఉంచండి, రాత్రి లైటు ఒకటి వదిలేయండి, మొదటి మూడు రోజులు ఒంటరిగా నడవనీయకండి.

ఇంకో ప్రమాదం చప్పుడు చేయదు. తాగిన 24 నుంచి 96 గంటల మధ్య, బాగున్నాడనుకున్న మనిషికి మెడ, భుజాలు, ఆపైన ఊపిరి కండరాలు బలహీనపడవచ్చు. 4 గంటలకోసారి ఇలా చూడండి:

- దిండు మీద నుంచి తల ఎత్తి 5 సెకన్లు ఆపమనండి. ఆపలేకపోతే చెడు సూచన.
- ఒక్క ఊపిరిలో పైకి లెక్కపెట్టమనండి. నిన్న 30 దాకా వెళ్ళినవాడు ఈరోజు 15 దగ్గర ఆగితే డాక్టరును పిలవండి.
- శ్వాస వేగం పూర్తి నిమిషం లెక్కపెట్టండి.

సాచురేషన్ 98 ఉంది కదా అని ఊరుకోకండి, అది చివర్లో పడిపోతుంది. "మాట్లాడడం మానేశాడు, అలిగాడు" అని ఇంటివాళ్ళు అన్నా ముందు మెడ ఎత్తించండి. అలకో, కండరాల నీరసమో అప్పుడు తెలుస్తుంది.

5. అడగండి

మెలకువ పూర్తిగా వచ్చాక, మొదటి 24 గంటల్లోనే, మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. ఒంటరి సమయం దొరకదనేది నిజమే. డ్రెస్సింగ్ మార్చేటప్పుడో, క్యాథెటర్ చూసేటప్పుడో తెర వేసి "అటెండెంట్లు బయట ఉండాలి" అంటే ఎవరూ అభ్యంతరపెట్టరు. భర్త, అత్త మంచం వదలకపోతే మందుల చీటీ ఇచ్చి ఫార్మసీకి పంపండి.

కేస్ షీట్లో "కడుపునొప్పి భరించలేక" అనో, "దగ్గు మందు అనుకుని పొరపాటున" అనో రాసి ఉంటే దాన్ని చివరి మాటగా తీసుకోకండి. చాలాసార్లు అది కుటుంబం, ఊరి పెద్దలు కలిసి చెప్పిన కారణం. నొప్పి నిజమూ కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

ప్రశ్నలు ఈ వరసలో:

ఒకటి: "ఆ రోజు చచ్చిపోవాలనే తాగారా, కోపంలో చేతికందింది తాగారా?"
రెండు: "ఇప్పుడు బతికినందుకు ఎలా అనిపిస్తోంది?"
మూడు: "చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా? రోజులో ఎన్నిసార్లు?"
నాలుగు: "ఎలా చేసుకోవాలో ఏమైనా అనుకున్నారా? ఇక్కడ గానీ, ఇంటికెళ్ళాక గానీ?"
అయిదు: "ఇంతకు ముందు ఎప్పుడైనా ప్రయత్నించారా?"
ఆరు: "ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా?"

ఈ మాటల్నే సూటిగా వాడండి. "అలాంటి పిచ్చి పనులు మళ్ళీ చేయవు కదా?" అన్నది ప్రశ్న కాదు. దానికి "చేయను" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. దేవుడి మీద ఒట్టు వేయించుకోవడమూ అంతే. ఒట్టు వేసినవాళ్ళు తర్వాత ఆలోచన వచ్చినా మీకు చెప్పరు.

"ఎవరికీ చెప్పనని మాటివ్వండి సిస్టర్" అంటే ఇవ్వకండి. "మీ ప్రాణానికి సంబంధించింది డాక్టరుకు చెప్పాలి. మిగతాది మీరు వద్దంటే మీ ఇంటివాళ్ళకు చెప్పను" అనండి, ఆ మాట నిలబెట్టుకోండి.

మూడో ప్రశ్నకు "అవును" అంటే, లేదా మౌనంగా మొహం తిప్పుకుంటే: ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, డ్యూటీ డాక్టరుకు అప్పుడే చెప్పండి, సైకియాట్రీ రిఫరెన్స్ రాయించండి, 15 నిమిషాల చార్టు మొదలుపెట్టండి. నాలుగో దానికీ "అవును" అయితే చేతికందే దూరంలో ఒకరు ఎప్పుడూ ఉండాలి, చున్నీ, బెల్టు, అదనపు గొట్టాలు తీసేయాలి. మీరు స్టాఫ్ ఇద్దరే ఉండి 40 మంచాలు చూస్తుంటే ఆ ఒకరు అటెండెంటే అవుతారు. అలాంటప్పుడు ఏం చూడాలో, ఎవరిని పిలవాలో ఆ అటెండెంటుకు నోటితో చెప్పించుకుని సరిచూడండి. గొడవపడిన మనిషినే కాపలా పెట్టకండి.

నిన్నటిదాకా ఏడ్చిన మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోయి, అందరికీ దండాలు పెడుతూ, ఉంగరమో గొలుసో పంచుతుంటే తేరుకున్నాడనుకోకండి. మళ్ళీ అడగండి.

ఆరో ప్రశ్నకు "అవును" వస్తే, ఆమె ఒప్పుకుంటే 181కి గానీ హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే జిల్లా సఖి కేంద్రానికి గానీ అక్కడే ఫోన్ చేసి ఇవ్వండి. నంబరు కాగితం ఇంటికి పంపకండి, భర్త చేతికి చిక్కుతుంది. 18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో లైంగిక హింస బయటపడితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. అది మీరు దాచగలిగిన విషయం కాదు, డాక్టరుకు వెంటనే చెప్పండి.

రాసేటప్పుడు "పేషెంట్ కోఆపరేటివ్" అని కాకుండా వాళ్ళ మాటే కోట్ చేయండి: "ఉండి ఏం లాభం అంటున్నాడు, ఉదయం 11.20." షిఫ్ట్ మారేటప్పుడు ఆ పుట తెరిచి చదివి వినిపించండి. ఈ మాట డ్యూటీ మారేటప్పుడే జారిపోతుంది. రాత్రి 8కి తెలిసిన విషయం తెల్లవారుజామున 3కి ఎవరికీ తెలియదు.

6. పోలీసులు, విలేఖరులు, చుట్టాలు

ఎంఎల్‌సీ ఇంటిమేషన్ వెళుతుంది. దాన్ని చూసి పేషెంటు "జైల్లో పెడతారా" అని వణికిపోతాడు. నిజం చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలని చెబుతుంది. వాళ్ళకు చికిత్స, సంరక్షణ ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదని కూడా అందులోనే ఉంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 లాంటి సెక్షన్ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లేదు. ఒక ప్రభుత్వోద్యోగిని విధి చేయనీయకుండా ఒత్తిడి పెట్టేందుకు చేసిన ప్రయత్నం మాత్రమే నేరం. "పోలీసులు వివరాలు రాసుకుంటారు, బతికినందుకు శిక్ష ఉండదు" అని చెబితే చాలు.

స్టేట్‌మెంట్‌కు వచ్చినప్పుడు పేషెంటు మాట్లాడే స్థితిలో ఉన్నాడని డాక్టరు రాయాలి. ఆ కాగితం లేకుండా మంచం దగ్గరికి పంపకండి. అట్రోపిన్ మత్తులో చెప్పిన పేర్లు తర్వాత కుటుంబాన్ని చీల్చేస్తాయి.

ఫోన్లో "మాది టీవీ, పేరేంటి, కారణమేంటి" అని అడిగేవాళ్ళకు "సూపరింటెండెంట్ ఆఫీసులో అడగండి" అన్న ఒక్క జవాబే. ఫొటో తీయనీయకండి. ఇంటర్ ఫలితాల రోజుల్లో ఇది మరీ ఎక్కువ.

చుట్టాలు గుంపుగా వచ్చి మంచం దగ్గర పంచాయితీ పెడితే ఇద్దరినే ఉంచి మిగతావాళ్ళను పంపండి. తల్లిని వేరేగా కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పండి: తిట్టవద్దు, ప్రశ్నలు వేయవద్దు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు అంటే ఆమెకూ ఊరట, చేయడానికి ఒక పని దొరుకుతుంది.

7. కార్డు, భాష, పడక

"సూసైడ్ కేసు, కార్డు పనిచేయదు" అని మీరు తీర్మానించకండి. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ వైద్య పథకాల కార్డుల పని చూడడానికి తెలంగాణలో ఆరోగ్యమిత్ర, ఆంధ్రప్రదేశ్‌లో వైద్యమిత్ర ఆసుపత్రిలోనే ఉంటారు. అడ్మిషన్ రోజే వాళ్ళ దగ్గరికి పంపండి, మూడో రోజు డబ్బు అయిపోయాక కాదు. ఏ ప్యాకేజీ వర్తిస్తుందో వాళ్ళు చెప్పాలి. అక్కడ జవాబు దొరకకపోతే 104. కార్డు లేనివాళ్ళకు ఎమ్మార్వో కాగితం, సీఎం సహాయ నిధి దారుల గురించి మీ ఆసుపత్రి ఆఫీసులో కనుక్కుని ఒక కాగితం మీద రాసి స్టేషన్‌లో ఉంచుకోండి.

ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు ఒక మాట. పోలీసులు వచ్చేదాకా ముట్టుకోమనడం కుదరదు. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే ప్రాణం కాపాడే చికిత్స ముందు, లాంఛనాలు తర్వాత అని చెప్పింది.

కోయ, గోండీ, సవర మాట్లాడేవాళ్ళకు, మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలకు ప్రశ్నలు వాళ్ళ భాషలో వెళ్ళాలి. గిరిజన అభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంతమైతే ఆశా వర్కరు గానీ, ఆ భాష వచ్చిన స్టాఫ్ గానీ దొరుకుతారు. దొరికేదాకా ఫోన్ స్పీకర్ పెట్టి మాట్లాడించండి. పదేళ్ళ కూతురి చేత "మీ అమ్మ చచ్చిపోవాలనుకుంటోందా అడుగు" అనిపించకండి. మేస్త్రీ చేత కూడా వద్దు, అప్పు ఆయనదే కావచ్చు.

ట్రాన్స్‌జెండర్ పేషెంటును ఏ పేరుతో పిలవాలో, ఏ వార్డు సౌకర్యమో అడగండి. అందరి ముందు కాదు.

8. "తీసుకెళ్ళిపోతాం" అన్నప్పుడు

రెండో రోజు మనిషి లేచి ఇడ్లీ తింటాడు. ఇంటివాళ్ళు లామా (డాక్టరు సలహాకు వ్యతిరేకంగా వెళుతున్నామనే) సంతకం పెట్టి తీసుకెళతామంటారు. ఎలకల మందు పేస్టు విషయంలో ఇది ప్రాణం తీస్తుంది. పసుపు భాస్వరం ఉన్న పేస్టు మొదటి రోజు వాంతులు చేయించి, తర్వాత ఒకటి రెండు రోజులు ఏమీ లేనట్టే ఉండి, ఆపైన కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సంతకం కాగితం తేవడానికి ముందు ఎందుకు వెళుతున్నారో అడగండి. డబ్బా? అయితే 7వ అంచె. ఊళ్ళో పరువా? మంచం మార్చండి, వచ్చేవాళ్ళను తగ్గించండి. నాటువైద్యమా? ఎన్నో రోజు వరకు ప్రమాదమో డాక్టరు చేత వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పించండి. అయినా వెళితే మళ్ళీ రావాల్సిన లక్షణాలు తెలుగులో రాసివ్వండి: కళ్ళు పచ్చబడడం, మత్తు, రక్తం పడడం, ఊపిరి ఆడకపోవడం. ఫోన్ నంబరు తీసుకోండి. కోపంగా పంపితే తిరిగి రారు.

9. డిశ్చార్జి, ఆ తర్వాత

డిశ్చార్జి ముందు ఒక గంట కేటాయించండి. ఒకేసారి కుదరకపోతే రెండు అరగంటలు. పేషెంటు మాటల్లోనే ఒక కాగితం రాయించండి:

నాకు ఆ ఆలోచన వచ్చేముందు ఏమవుతుంది? (నిద్ర పట్టదు, అప్పులవాడి ఫోను.)
అప్పుడు నేను ఒక్కణ్ణే చేయగలిగింది ఏమిటి?
ఎక్కడికి వెళ్ళి ఎవరి మధ్య కూర్చుంటాను?
ఎవరికి చెబుతాను? రెండు పేర్లు, నంబర్లు.
ఆసుపత్రి నంబరు, 14416.
ఇంట్లో ఏం తీసేయాలి?

ఆఖరిది కుటుంబంతో కలిసి మాట్లాడాలి. మందు డబ్బాలు ఇంట్లోంచి పోవాలి, పాకలో గానీ గాదెలో గానీ దాచడం కాదు. తాళం పెట్టె చాలదు: శ్రీలంకలో పల్లెల్లో ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి చేసిన పెద్ద అధ్యయనంలో, 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం, పురుగుమందు తాగడం తగ్గలేదు. పిచికారీ రోజే కొనడం, మిగిలింది ఇంట్లో పెట్టుకోకపోవడం, కొన్నాళ్ళు ఆ పని ఇంకొకరికి అప్పగించడం మేలు. డిశ్చార్జి మాత్రలు కూడా నెలకు సరిపడా ఇవ్వకుండా వారానికే రాయమని డాక్టరును అడగండి.

ఆపైన ఫోన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో 1,867 మందితో చేసిన అధ్యయనంలో చెన్నై కూడా ఉంది, 2008లో ప్రచురించారు. డిశ్చార్జి ముందు గంటసేపు మాట్లాడి, 18 నెలల్లో 9 సార్లు పలకరించినవాళ్ళలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం, మామూలు చికిత్సతో పంపినవాళ్ళలో 2.2 శాతం. పలకరింపుల వరస: 1, 2, 4, 7, 11వ వారాలు, తర్వాత 4, 6, 12, 18వ నెలలు. తొమ్మిదీ మీ వల్ల కాకపోతే మొదటి మూడైనా చేయండి. మిగతావి ఏఎన్ఎంకు అప్పగించవచ్చు, పేషెంటు ఒప్పుకుంటేనే.

ఫోన్లో "మొన్న మందు తాగారు కదా" అని మొదలుపెట్టకండి, ఫోను ఎవరి చేతిలో ఉందో తెలియదు. "ఆసుపత్రి నుంచి సిస్టర్ని, మీ ఆరోగ్యం కనుక్కుందామని. ఇప్పుడు మాట్లాడవచ్చా?" అనండి. నిద్ర, తిండి, మాత్రలు అడిగాక ఐదో అంచెలోని మూడో ప్రశ్న.

సరిగా చేస్తున్నామా లేదా ఎలా తెలుస్తుంది?

షిఫ్ట్ దిగేముందు కేస్ షీట్ తీసి చూడండి. పేషెంటు సొంత మాట ఒక్కటైనా కోట్‌లో ఉందా? మెడ ఎత్తించిన సమయాలు ఉన్నాయా? 15 నిమిషాల చార్టులో గళ్ళన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండి ఉంటే అది చివర్లో కూర్చుని నింపినదే, ఆ రాత్రి ఎవరూ చూడలేదని అర్థం. సైకియాట్రీ రిఫరెన్స్ రాశారు సరే, డాక్టరు వచ్చి చూసి సంతకం పెట్టారా? బాత్రూమ్‌లోకి వెళ్ళి ఫినాయిల్ డబ్బా మళ్ళీ వచ్చిందేమో చూడండి. సాధారణంగా వచ్చే ఉంటుంది.

పేషెంటును ఇలా అడగండి: "రాత్రి మీకు ఏమైనా అనిపిస్తే ఎవరిని పిలుస్తారు?" ఒక పేరు చెప్పగలిగితే మీ పని నడుస్తున్నట్టే. "ఎవరినీ పిలవను" అంటే స్టూలు మళ్ళీ దగ్గరికి లాక్కోండి.